ఆవిరి ఎక్కడిది

మూడు వారాల కిందట నేనే బాగుచేసి పంపిన ముసలి సాబ్
మళ్లీ నా షెడ్డు ముందు ఆగింది.
తైమి దిగి, బానెట్ వైపు గడ్డం చూపించి
"పొగ" అంది.

పొగ కాదు, ఆవిరి అన్నాను.
పొగైతే నిప్పుండాలి కదా.
అంటూనే ఎందుకో నా భుజం తడుముకున్నాను.
గుమ్మడికాయల ఊసు
ఇంకా ఎవరూ ఎత్తనే లేదు.

అక్టోబరులో, పొల్వా దారిలో, కళ్లు కానరాని మంచులో
ముందు పోతున్న గడ్డిమోపుల ట్రెయిలర్‌ని
లేగదూడ పొదుగుని కుమ్మినట్టు
ఒక్క కుమ్ము కుమ్మింది ఈ కారు.
బంపరు మార్చాను. ఎడమ దీపం మార్చాను.
వంగిన అడ్డపట్టీని సుత్తితో బతిమాలి నిటారు చేశాను.
బిల్లు కింద సంతకం నాది: ఉర్మో.

"ఎప్పుడొస్తుంది?"
"చీకటితో బయల్దేరతానుగా, అప్పుడు."
"రోజూనా?"
"రోజూ కాదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు."
"వేడి ముల్లు పైకెక్కుతోందా?"
"లేదు. మధ్యలోనే కూర్చుంటోంది, నిమ్మళంగా."

నిమ్మళంగా లేనిది నేనే.
ఇంజను చల్లారేదాకా మూత జోలికి పోలేదు,
చల్లారాక తీసి చూస్తే నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి.
అయినా నమ్మలేదు. పంపు తగిలించి గాలి కొట్టాను,
ముల్లు మీద కన్నేసి అరగంట నిలబడ్డాను.
అది కదల్లేదు.
రంగు కలిపి, ఊదా దీపం పట్టుకుని
రేడియేటరు అంచులన్నీ వెతికాను,
పచ్చగా మెరిసే ఒక్క చుక్క కోసం.
దొరికితే బాగుండుననిపించింది, నిజం చెప్పాలంటే.
ప్లాస్టిక్ పగిలితే తప్పు ట్రెయిలర్‌ది,
వయసుది, చలిది.
నాది కాదు.

రాత్రి కారు కింద పరిచిన అట్టముక్క
తెల్లారేసరికి పొడిగా ఉంది,
ఇంత అమాయకమైన అట్టని నేనెప్పుడూ చూడలేదు.

తైమి పద్నాలుగు డెయిరీలు తిరిగి
పాల నమూనాలు సేకరిస్తుంది.
వెనక సీటు నిండా చిట్టి సీసాలు,
పెద్ద గుంత వస్తే చాలు, అన్నీ కలిసి గలగలమంటాయి.
ఆవు ఏ మేత తిన్నదో మూత తీయగానే చెప్పే ముక్కు ఆమెది.
"తియ్యటి వాసన కాదు ఉర్మో" అంది, టీ ఊదుకుంటూ.
"రేడియేటరు నీళ్లైతే పాకం మాడిన వాసనేస్తాయి, తెలుసు నాకు.
ఇది మా మామ పండగనాటి ఊపిరి."

సారా.
శీతాకాలంలో సారా కలిసే నీళ్లు కారులో ఒక్కచోటే ఉంటాయి.

"రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి" అన్నాను.
ఎక్కింది. బెల్టు పెట్టుకుంది.
కాసేపు ఇంజను వేడెక్కనిచ్చింది. దీపాలు వేసింది.
అద్దం మీద పేడరోడ్ల బురద. నీటి మీట లాగింది.
బంపరు వెనక ఎక్కడో చిన్నగా బుస్సుమంది,
మరుక్షణం జాలీలోంచి తెల్లటి ఆవిరి
పొద్దున్నే పాక తలుపు తీసినట్టు బయటికొచ్చింది.

దీపాలు వెలుగుతుంటే వాటి మొహాలు కూడా కడుగుతుంది ఈ బండి.
కడిగే సన్నటి గొట్టం, చిటికెన వేలంత,
ఎడమవైపు కొత్త దీపం వెనక,
తగిలించాల్సిన చోట తగిలించకుండా
కాగిన రేడియేటరు కేసి మూతి తిప్పుకుని ఉంది.
దాని క్లిప్పు నా పనిబల్ల మీదే దొరికింది,
కాఫీ డబ్బాలో, మిగిలిపోయిన మరల మధ్య.
మిగిలిపోయాయని
అప్పుడు నేనే అనుకుని అందులో వేసినవాటి మధ్య.

"నేనే మర్చిపోయాను" అన్నాను.
తైమి ఏమీ అనలేదు.
వంగి, అట్టముక్క మీద కొత్తగా పడ్డ నీలిచుక్కని
వేలితో అద్ది, వాసన చూసి, స్కర్టుకి తుడుచుకుంది.
తర్వాత ఆ కాఫీ డబ్బాని ఓసారి ఆడించింది,
గలగలమంది, తన సీసాల్లాగే.

"మరి ఇవి ఎక్కడివి?"

టార్చి తీసుకుని
మళ్లీ కారు కిందికి దూరాను.