నువ్వుగింజంత ఆట

ఎడమకి తిప్పితే గరగర,
కుడికి తిప్పితే ఏమీ లేదు.
నలభై దాటితే ఒక మూలుగు,
బ్రేకు తొక్కితే దాని గొంతు మారుతుంది.

"ఎప్పట్నుంచి?"
"మొన్న బెంజి సర్కిల్ దాటాక" అన్నాడు ఏసోబు.
ఆటోనగర్‌లో రేకుల షెడ్డు, మిట్టమధ్యాహ్నం.

కాలేషాకి ఒక చెవి ఎప్పుడో పోయింది
పక్కన లారీ బాడీలు కట్టేవాళ్ళ సుత్తుల కింద.
రెండోదాన్ని పొదుపుగా వాడతాడు.
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన హబ్బుకి ఆనించి
పిడిని పళ్ళతో కరిచి పట్టుకుని
కళ్ళు మూసుకుంటాడు.
నేను చక్రం తిప్పుతాను.

బాల్ జాయింటు కాదు. యాక్సిల్ కాదు.
పైనా కిందా పట్టి ఊపితే
నువ్వుగింజంత ఆట.

"ఫోర్ వీల్ ఎప్పుడన్నా వేశావా?"
"ఎందుకేస్తానన్నా, కరెంటోళ్ళ కాంట్రాక్టు బండి,
తీగలూ స్తంభాలూ, అంతే."
"ఇసుకలో?"
"పిల్లల మీద ఒట్టు."

హబ్బు మూత ఊడింది.
నల్లటి గ్రీజు, లోపలెక్కడో మెరుపు.
రెండు వేళ్ళ మధ్య నలిపి
కొంచెం నా అరచేతికి రాశాడు కాలేషా.
కృష్ణ ఇసుక.
ఏ రేవుదో కూడా చెప్పగలడు.
చెప్పలేదు.

ఏసోబు అడక్కుండానే వెళ్ళి టీలు తెచ్చాడు,
కాలేషాకి మలాయి వేయించి మరీ.

రెండు బేరింగులు, ఒక సీలు, కిరసనాయిలు.
చీటీలో అంతే.
చీకటి పడ్డాక బండి
చప్పుడు లేకుండా కరకట్ట వైపు తిరిగింది.

ఆ రాత్రి అన్నంలో నాకు రాయి తగిలింది.
ఉమ్మెయ్యలేదు.
పళ్ళ మధ్య అలాగే పట్టుకుని
కళ్ళు మూసుకున్నాను.