సన్న ఎరుపు

మొదటి పని, గాజు మీది ధూళిని ఒప్పుకోవడం.
పొద్దుగూకే వేళ, చుక్క పొడవక ముందే
ఉత్త ఆకాశాన్ని ఫొటో తీస్తాం.
అందులో గారెల్లా కనిపించే చిల్లు గుండ్రాలన్నీ
మన మురికే, ఆకాశానిది కాదు.

ఇరవై రెండేళ్ళుగా సదర్లాండ్ కొండ మీద
ఈ గుమ్మటం తలుపు తెరిచేదాన్ని నేనే.
కరూ మైదానపు చలికి వేళ్ళు నావి కాకుండా పోతాయి.
కింద గొర్రెలు ఒకదానికొకటి ఆనుకుని పడుకుంటాయి.
చావింటికి వచ్చినట్టు
హెడ్‌లైట్లు ఆర్పుకుని వస్తుంది ప్రతి కారూ.

ఈ వారం టుమెలో వచ్చాడు, మహికెంగ్ కుర్రాడు.
అతనికి ఒకే ఒక్క సుడి కావాలి.
మా అమ్మ నా తల దువ్వుతూ వేలితో తడిమేదే, అలాంటిదే:
నడినెత్తిన పసుపు, చుట్టూ నీలపు పాయలు,
పాయల లోపలి అంచున మసి గీతలు.

"ముందు మామూలు ఎరుపులో ఐదు నిమిషాలు, తానీ డ్రీకా.
తర్వాత సన్న ఎరుపులో ఇరవై.
దీన్లోంచి దాన్ని తీసేస్తాం."
తీసేస్తే?
"ముసలి చుక్కలన్నీ పోతాయి.
పురుళ్ళు జరిగే చోట్లే మిగులుతాయి."

నాకు యాభై ఎనిమిది. ఏమీ అనలేదు.

గాలి పడమటి నుంచి. తేమ డెబ్బై.
ఎనభై దాటితే తలుపు మూసెయ్యాలి.
అతను తెరను చూస్తున్నాడు, నేను తేమను.
మూడో ఫొటోలో చుక్కలు కోడిగుడ్లయ్యాయి,
గైడు చుక్క జారిపోయింది. మళ్ళీ మొదలు.
అతను సెట్స్వానాలో తిట్టుకున్నాడు.
అర్థమయ్యీ కానట్టు టీ పోశాను.

రెండున్నరకు తీసివేత పూర్తయింది.
నడినెత్తి గుండు. పాయల వెంట మాత్రం
తట్టు పోసినట్టు ఎర్రటి పొక్కులు.
లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.
తొంభై ఒకటి దగ్గర ఆగి
"వీటిలో పెద్ద చుక్కలు ఇప్పటికి లేవు తానీ," అన్నాడు.
"అంత మండేవాటికి ఆయుష్షు తక్కువ.
ఈ వెలుగు బయల్దేరి కోటిన్నర ఏళ్ళు."

పుట్టిన కబురూ పోయిన కబురూ
ఒకే దారిన, ఒకదాని వెనక ఒకటి.
మనకింకా మొదటిదే అందింది.

తేమ ఎనభై ఒకటి.
తలుపు మూస్తుంటే గుమ్మటం ఎప్పటిలాగే మూలిగింది.
తీసేసిన ఆ ముసలి వెలుగు ఫైలు ఉందా, అడిగాను.
"ఉంది. ఏం?"
ఊరికే, అన్నాను.
లాగ్ పుస్తకంలో గాలి, తేమ, గంట రాసి
చేతులు చంకల్లో పెట్టుకున్నాను.