సన్నమూతి

నీళ్ళూ బురదా తప్ప
దుమ్ముకి చోటెక్కడుందండీ మా లంకల్లో?
అయినా అమ్మాను.
ఎనభై ఆరులో, మెడకి టై కట్టుకుని,
నరసాపురం రేవులో పంటెక్కి,
సైకిలు క్యారియరు మీద ఎర్ర డబ్బా కట్టి
సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు,
ఇంటింటికీ వాళ్ళ దుమ్ము వాళ్ళకే చూపించి అమ్మాను.

"ఆయ్, మాకెందుకండీ, చీపురుంది గదా"
అనేవారు గుమ్మంలోంచే.
మారు మాటాడేవాణ్ణి కాదు.
బూరుగుదూది పరుపొకటి పరిపించి,
గొట్టం మూతికి తెల్ల జేబురుమాలు బిగించి
స్విచ్చి నొక్కేవాణ్ణి, కరెంటుంటే.
రెండు నిమిషాలకి రుమాలు మీద
గుండ్రంగా, నల్లగా, గ్రహణం.
"అయ్యబాబోయ్, దీనిమీదా మేం పడుకుంటున్నాం!"
ఆ కేక పడిందంటే
సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించడమే.
నెలకి నూట పాతిక. పదహారు నెలలు.

ఇప్పుడవే కొంటున్నాను, తూకానికి.
పాలకొల్లు పాతసామాన్ల ఖాదర్‌వలీ
ఒకటి తగిలినప్పుడల్లా ఫోన్ చేస్తాడు:
"మాస్టారూ, మీ ఏనుగుపిల్ల ఇంకోటొచ్చింది."
పద్నాలుగయ్యాయి.
ఒకటి తొంభై ఆరు తుఫానులో మునిగింది.
దాని సంచిలో దుమ్ము లేదు,
గోదారి ఒండ్రు,
సంచి ఆకారంలోనే ఎండి ఇటికైపోయింది.

మోటార్లు మొండివి.
కార్బన్ ముక్కలు మార్చి, నాలుగు రోజులు ఎండబెడితే
దగ్గి, కసిరి, లేస్తాయి.
పోయేవి తొడుగులే.
ఆరేసి ఇచ్చాను ఒక్కోదానికి:
నేలకి వెడల్పు మూతి, కుర్చీలకి పొట్టి మూతి,
కుచ్చు బ్రష్షు, రంగు కొట్టే సీసా,
మెలిక గొట్టం, సందుల్లో దూరే సన్నమూతి.
సీసాతో వంగతోటకి మందు కొట్టుకున్నారట గూడపల్లిలో.
కుచ్చు బ్రష్షొకటి సెలూన్లో
మెడల మీది వెంట్రుకలు దులుపుతోంది ఇప్పటికీ;
ఎంతిస్తానన్నా ఇవ్వలేదు, చేతికి అలవాటైపోయిందట.
సన్నమూతి మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ
కిరసనాయిలు గరాటా అయింది.
ఆ వాసన సబ్బుకి వదల్లేదు.
రెండోసారి నేనూ తోమలేదు.

మొన్న శుక్రవారం పద్నాలుగోది విప్పాను.
మూత లోపల నా చేతిరాత:
పులిదిండి మార్తమ్మ, లేసు పని, మూడో వాయిదా.
సంచి కుట్టు తెగలేదు. ఎవరూ విప్పినట్టే లేదు.
గుర్తొచ్చింది.
ఆవేళ ఆఖరి పంటు అందదని తొందర,
సంచి ఎలా దులపాలో చెప్పకుండా వచ్చేశాను.
రెండు నెలలకి ఆవిడంది:
"లాగట్లేదండి ఇది, ఏంటో ఊపిరాడనట్టు మూలుగుతోంది.
నా లేసు సూది కూడా కనబట్టంలేదు,
పిడికి ఎర్రదారం చుట్టుంటది,
మీ మిషనుగానీ మింగిందేమో చూద్దురూ."
నవ్వాను.
"దానికంత శక్తి లేదమ్మా" అన్నాను.
ఏనుగునైనా లాగేస్తుందని అమ్మినవాణ్ణి.
రసీదు చింపి ఇచ్చాను.
మిగతా పదమూడు వాయిదాలూ కట్టింది,
తేదీ తప్పకుండా.

కత్తెరతో కోస్తే
బూడిదరంగు ఉండ, గుడ్డులా మెత్తగా.
అందులో తెల్లదారం ముక్కలు వందలు,
సగం గాజు, పౌడరు వాసన లాంటిదేదో,
కందిబద్ద,
ఎర్రదారం చుట్టిన సూది.
కొన కొక్కెం ఇంకా మెరుస్తోంది.

నరసాపురం వెళ్ళాను. ఆ సందులో
ఇప్పుడు సెల్ ఫోన్ల దుకాణాలు.
మార్తమ్మ అంటే
ఏ మార్తమ్మ అన్నారు.

గదిలో బల్ల మీద తొడుగుల వరస ఉంది,
వెడల్పు మూతితో మొదలై సన్నమూతితో ఆగుతుంది.
దాని పక్కన పెట్టాను.
పొద్దున్నే మా ఆవిడ
పద్నాలుగు మిషన్ల మధ్య చీపురుతో ఊడుస్తూ
"ఇదేంటండీ, ఎవరి సూది" అని తియ్యబోయింది.
"ఉండనీ" అన్నాను.
"అది సెట్టులోది."