ఫారం ముప్పై ఒకటి

అమలాపురం రవాణా ఆఫీసు గేటుకి ఎడంపక్క
రేకు నీడన ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఎండిపోయిన స్టాంపు ప్యాడు.
పందొమ్మిదేళ్లుగా ఇదే నా కొలువు.
బండి కొన్నవాడూ నా దగ్గరికే, అమ్మినవాడూ నా దగ్గరికే.
పోయినవాడి తరఫున వచ్చినవాళ్లకి
ఫారం ముప్పై ఒకటి.

ఆవిడ పదకొండింటికి వచ్చింది.
ఎరువుల కొట్టు సంచిలోంచి
లామినేషన్ చేయించిన మరణ ధ్రువపత్రం తీసింది,
ఆర్సీ కార్డు తీసింది,
చివర్న, అద్దం పగిలిన ఫోను.
గుత్తుల సూర్యచంద్రం. దింపు కార్మికుడు. ఊరు మాచవరం.
మొన్న మాఘంలో
మంచుకి తడిసిన కొబ్బరి చెట్టు మీంచి
జారాడు.

"ముప్పై రోజుల్లో చెప్పాలమ్మా ఆఫీసుకి,
మూడు నెలల్లో పేరు మార్పించుకోవాలి."
"పదో రోజు తెలుసండి, పదకొండో రోజు తెలుసండి.
ఈ ముప్పయ్యో రోజు సంగతి
మాకెవరూ చెప్పలేదండి."

ఫోను నా వైపు తిప్పింది.
వరసగా చలానాలు.
రావులపాలెం సెంటరు, హెల్మెట్ లేదు.
కొత్తపేట, ముగ్గురెక్కారు.
ముమ్మిడివరం, మళ్లీ హెల్మెట్ లేదు.
అన్నీ ఆయన పేరునే, అన్నీ ఆయన పోయాకే.
చచ్చి ఏడు నెలలైన మనిషి
బతికున్నప్పటికంటే ఎక్కువ ఊళ్లు తిరుగుతున్నాడు.
ఆవిడ ఎదురుగా లేకపోతే నవ్వేసేవాణ్ని.

చలానా వెంట ఫోటో ఉంటుంది.
నంబరు సరిచూద్దామని వేళ్లతో పెద్దది చేశాను.
ప్లేటు మీద ఐదు అరిగి మూడులా ఉంది.
అది వేరే జరిమానా. చెప్పలేదు.
గళ్ల చొక్కా. ఎడమ భుజం కాస్త కిందికి.
"చొక్కా ఆయనదేనండి. భుజం కూడా ఆయన పోలికే.
మా పిల్లోడండి. పదిహేడు.
రొయ్యల చెరువులకి మేత మూటలు తోల్తాడు,
తెల్లారకుండా నాలుగింటికి."

నా పెన్ను ఆగింది.

"చూడమ్మా, మైనరు బండి నడిపితే
పిల్లాణ్ని అడగరు, పెద్దల్ని అడుగుతారు.
ముందు బండి ఎవరి పేరునుందో చూస్తారు.
పాతికవేలు. జైలు కూడా రాసుంది చట్టంలో.
ఏడాదిపాటు రిజిస్ట్రేషను రద్దు.
దీనిమీద నువ్వు సంతకం పెట్టేదాకా దోషి ఆయన.
పెట్టాక, నువ్వు.
ఐదు నెలలాగితే వాడికి పద్దెనిమిది నిండుతాయి.
అంతదాకా ఆయన ఖాతాలోనే పడనీ.
పైలోకానికి సమను పట్టుకెళ్లే కానిస్టేబులు
ఈ జిల్లాలో లేడు."

ఇలాంటి సలహాకి విడిగా వంద తీసుకుంటాను.

గేటు ముందు కాయల లారీ ఒకటి
ఫిట్‌నెస్‌కి వచ్చి వెనక్కీ ముందుకీ అవుతోంది.
ఆవిడ దాన్నే చూస్తూ కూచుంది.
"ఆయ్, రోజుకి యాభై చెట్లెక్కేవోరండి.
ఊళ్లో అందరి గెలలూ ఆయనే దింపేవోరు.
ఆయన్ని దింపే నాథుడే లేకపోయాడు.
పోయినోడి నెత్తిన ఇంకా ఎందుకండి,
ఈ బరువన్నా నన్ను దింపనివ్వండి.
సంతకం ఎక్కడ?"

యజమాని పేరు అన్నచోట
ఒక్కో అక్షరం తడుముకుంటూ రాసింది, ధనకుమారి.
'రి' గడి దాటి బయటికొచ్చేసింది.
కొట్టేసి మళ్లీ రాయించాలి, రూలు ప్రకారం.
అలాగే ఉంచాను.

పిల్లాడు గేటు బయట
ఇంజను ఆపకుండా కాలు నేలకానించి ఉన్నాడు.
ఆవిడ వెళ్లి తాళం తిప్పి లాగేసింది,
కొంగున ముడేసుకుంది.
ఆవిడకి బండి రాదు.
ఇద్దరూ చెరో హ్యాండిలు పట్టుకుని
ఎర్రవంతెన వైపు తోసుకుంటూ వెళ్లారు.
మాచవరం దగ్గరేం కాదు.
పైగా ఎండ.

గోడవారన నా బండి ఉంది.
దాని ఇన్సూరెన్సు ఆషాఢంలోనే అయిపోయింది.
సాయంత్రం ఆటోలో ఇంటికెళ్లాను,
ఆ ఒక్కరోజుకి.