పొద్దుగాల చదువుకునే చీటి

లేవంగనే భయపడకు.
ఇది నీ చేతిరాతే.
'ళ' తోక గట్ల వంకరగ గీసేది నువ్వే, చిన్నప్పటి సంది.

పక్కకు చూడు. మనిషి పండుకొని ఉంటడు.
అరవకు. నిమ్మకాయ కొయ్యకు.
ఉప్పు డబ్బా జోలికి పోకు.
ఆయన పేరు మాణిక్.
ఛత్తాబజార్ల పెండ్లికార్డులు అచ్చేస్తడు.
గోర్ల సందున బంగారు రంగు, ఎంత కడిగినా పోదు.

నువ్వెవరో నీకు యాదికుంటది.
ఈ గౌలిపుర గల్లీ, తలుపుకు పసుపు చెయ్యి,
అవ్వ నేర్పిన పనులు చేతులల్లనే ఉంటయి:
దిష్టి తీసుడు, తేలు మంత్రం,
పాలు విరిచినట్టు జ్వరం విరిచేసుడు.
పగలు మంత్రగత్తెలంటరు మనల,
రాత్రి బిడ్డ ఒళ్లు కాలితే అమ్మా అని తలుపు కొడ్తరు.

పోయేది ఆయనొక్కడే.

కత మళ్ల చెప్తున్న.
ఎనకట మన సాయవ్వ
నాలుగు హాలీ సిక్కాలకు ఒక పని ఒప్పుకున్నది.
ఎవరో పెద్దింటామె మేనాల వచ్చి
తన మగని గుండెలకెళ్లి ఇంకో పిల్ల పేరు తుడిచెయ్యమన్నది.
తుడిచింది సాయవ్వ, ఉమ్మి పెట్టి పలక తుడిచినట్టు.
ఆ పిల్ల మూడు దినాలు ఆయన వాకిట్ల నిలబడ్డది.
"ఎవరమ్మా నువ్వు" అన్నడట, మర్యాదగనే.
ఆ మర్యాదకే సచ్చిపోయిందామె.
మూసీల దిగేముందు మన గడప మీద చెయ్యి పెట్టింది:
ఏడు తరాలు, మీ ఇంటి ఆడపిల్లను
ఎవడన్నా ప్రేమతోని పేరు పెట్టి పిలిస్తే
తెల్లారేసరికి వాడు ఆమెకు ఎవడో కావాలె.

అందుకే తాత అవ్వను "ఇగో" అన్నడు, నలభై ఏండ్లు.
నాయిన అమ్మను "ఏమే", అది గూడ గోడ దిక్కు చూసి.
చానమంది ఇండ్లల్ల గిట్లనే పిలుస్తరు గద,
ఎవరికీ అనుమానం రాలే.

ఈయన వినలే.
చెల్లె పెండ్లికార్డుల వేసెతందుకు పేరడిగిండు.
నోటితోని చెప్పలే, కాయితం మీద రాసిచ్చిన.
రెండు దినాలు పెదవుల నడుమ పట్టుకొని తిరిగి
నల్లా కాడ, బిందె నిండి పొర్లంగ, పిలిచిండట.
ఆ పిలుపు ఎట్లుండెనో రాయనీకి రాదు.

తెల్లారి వాకిట్ల నిలబడ్డడట.
"ఎవరయ్యా నువ్వు" అన్ననట, మర్యాదగనే.
నవ్విండట. "ఒక పేరు తప్పు పడ్డది,
మళ్ల అడగనీకొచ్చిన."

గట్ల నూట పద్నాలుగు పొద్దులు.
గోడ మీద గీతలున్నయి, లెక్క పెట్టుకో.
పొద్దుమీకేసరికి మళ్ల మనసు పడ్తవ్.
ఆపి చూసిన, ఆగలే.
పిలువకంట రోజు. పిలుస్తడు రోజు.
మొన్న నిమ్మకాయ చేతిల పట్టుకున్న,
ఆయన గుండెల నా పేరు గూడ తుడిచేద్దామని.
సాయవ్వ చెయ్యి గిదేనని యాదికొచ్చి కింద పెట్టిన.

ఏడో తరం నువ్వా నీ బిడ్డా అని చిన్నత్తకు తగాదే,
దత్తతకొచ్చిన తాతమ్మను లెక్కల పట్టాల్నా వద్దా అని.
ఆ లెక్క ఇడిసిపెట్టు.

లేచి చాయ్ పెట్టు. పాలు ఫ్రిజ్జుల ఉన్నయి.

ఇంకొకటి.
ఇయ్యాల పొద్దుగాల ఈ చీటి చూడకముందే
రెండో గ్లాసుల చక్కెర సగం చెంచానే ఏసిన.
ఎందుకేసిన్నో నాకు తెల్వదు.
శాపానికి గూడ తెల్వనట్టున్నది.