ఉప్పు చూడని వంట

పెరటాసి మూడో శనివారం.
కొర్లగుంటలో మేడ మీది రేకుల గది.
ల్యాబులో రాత్రి డ్యూటీ దిగి వచ్చి తలకు పోసుకున్నాను.
వేళ్ళకింకా స్పిరిట్ వాసన.
కొండ కనబడలేదు. మబ్బు.

చిన్నప్పుడు పెనుమూరు పక్క మా ఊళ్ళో
జేజినాయన ఇత్తడి చెంబుకు నామం పెట్టి
నా చేతికిచ్చి వీధిలోకి తోసేవాడు.
"మన బియ్యం మనకు. అడుక్కున్నవే ఆయనకు రా" అనేవాడు.
నేను గోవిందా అని అరిస్తే
కుక్కలు కూడా పక్కకు జరిగేవి.

ఇక్కడ నాది స్టీలు చెంబు.
ముగ్గుపిండి తడిపి రెండు తెల్లగీతలు,
నడిమి ఎర్రగీతకు
ల్యాబు నుంచి జేబులో వచ్చేసిన మార్కరు.
మూలన నా మొదటి జీతం బియ్యం మూట,
సగం కూడా కాలేదు.
దానికి మొహం చాటేసి మెట్లు దిగాను.

రెండో అంతస్తులో శ్రీకాకుళం నర్సులు
గొలుసు తియ్యకుండానే "చందాలివ్వం" అన్నారు.
విషయం చెప్పినాక నవ్వి
టీ గ్లాసుతో బియ్యం పోశారు.
కింద ఎస్సై కోచింగ్ పిల్లోడు
"బియ్యం లేవన్నా, ఓట్సుండాయి" అన్నాడు.
చెంబు పట్టాను. ఏం చేస్తాం.

ఇంటామె ధనకోటమ్మ చేట పట్టుకుని నిలబడింది గానీ
చెయ్యి కదల్లేదు.
"నోట్లో నుంచి ఆ మాట రాకుండా
బియ్యమడిగేది ఏం అడుక్కోవడం రా అబ్బోడా?
రేషను షాపనుకున్నావా?"

వీధిలో ఆటో ఒకటి రివర్సు తీస్తోంది.
పాల ప్యాకెట్ల అబ్బాయి చూస్తున్నాడు.
గోవిందా
అన్నాను.
ఆమె చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
గోవిందా!
ఎన్నేళ్ళ నాటి గొంతో,
డిగ్రీ కింద, ఇంటర్వ్యూల కింద
ఎక్కడ నలిగి పడుందో తెలీదు.
మూడు దోసిళ్ళు పడ్డాయి. ఒక అరిటాకు కూడా.

ఒకటే పొయ్యి. చిన్న సిలిండరు.
అన్నం దించి పులుసు, పులుసు దించి గుగ్గిళ్ళు,
ఫోను స్పీకర్లో అమ్మ.
"చింతపండెంత?"
"నిమ్మకాయంత."
"ఏ నిమ్మకాయంత?"
"నిమ్మకాయంత నిమ్మకాయంత రా!"
"ఉప్పు?"
"చేతికి తెలస్తాది. నాలిక మీద మాత్రం పెట్టబాక,
ఎంగిలవతాది."

తెల్లవారుజామున ఒక ముసలాయన నెత్తురు చూసి
సోడియం నూట ముప్పై ఎనిమిది అని రాసి
సంతకం పెట్టి వచ్చిన చెయ్యి ఇది.
తేడా వస్తే మళ్ళీ చూస్తాం, ఇంకోసారి చూస్తాం.
ఇప్పుడు పులుసు మీద గాల్లో
గుప్పిట మూసుకుని ఆగిపోయింది.
నమ్మకముందా అని నన్నెవరూ అడగలేదు.
అడిగుంటే
ఏం చెప్పేవాణ్ణో.
గుప్పిట విప్పాను.

పిండి దీపం ఒక పక్కకు ఒరిగింది.
నెయ్యి కారి అరిటాకు కాలిన వాసన.
ఓట్సును బెల్లంలో ఉడికించి అదీ పెట్టాను;
జేజినాయనుంటే చెంబుతో కొట్టేవాడు.
కర్పూరం గాలికి రెండుసార్లు ఆరింది,
మూడోసారి నిలబడింది.

నర్సులొచ్చారు. కోచింగ్ పిల్లోడు తన పళ్ళెం తనే తెచ్చుకున్నాడు.
ధనకోటమ్మ మెట్లెక్కిన ఆయాసంతో కూచుని
మొదటి ముద్ద నోట్లో పెట్టింది.
నేను ఆమె దవడలు చూస్తున్నాను.
"ఉప్పు...?"
"ఆయనేమన్నా అడిగినాడా?"
అనింది.
కాసేపటికి ఎడమచేత్తో
ఉప్పు డబ్బా ఇట్లా తొయ్యమని సైగ చేసింది.

రాత్రి చెంబు తోమితే
ముగ్గుపిండి గీతలు నీళ్ళలో పోయాయి.
ఎర్రగీత పోలేదు.
పీచుతో రుద్దాను, బూడిదతో రుద్దాను.
స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిస్తే పోతుంది.
ల్యాబులో సీసాలు సీసాలుంటాయి.
వారమైంది.
ఇంకా తేలేదు.