అడుగు నీళ్ళు

తూపిలిపాళెం నుంచి తిరుపతికి
తెల్లారుజామున మూడున్నర వ్యాను.
ఐసు పెట్టెలో ఈసారీ వంజరం లేదు,
వేలెడు కవళ్ళే.

"నీళ్ళు కాగినాయి సామీ,"
ఎసరు సంగతి చెప్పినట్టు చెబుతుంది పామంజి దేశమ్మ.
"దచ్చినం గాలి తోస్తేనే గదా
అడుగున సల్లనీళ్ళు పైకి లేసేది.
వాటెంట మేత, మేతెంట చేప.
మాగలు లోతుకు దిగినాయి,
కానాగంతలు ఏ ఊరెల్లినాయో.
మాయన ముప్పై మైళ్ళు పోయి
డీజిల్ వాసనేసుకోనొచ్చినాడు."

ఈ ఊళ్ళో శనివారం చేప ముట్టరు.
సముద్రానికిప్పుడు
వారమంతా శనివారమే.

బేరం తెగలేదు. నేను కదల్లేదు.
కరిగిన ఐసునీళ్ళలో
మణికట్టు దాకా చెయ్యి ముంచి
కాసేపు అట్లాగే ఉంచింది,
అడుగున ఇంకా
చల్లగా ఉందేమో చూస్తున్నట్టు.